తెల్ల దారం కట్టిన డబ్బా

ఖమ్మంలో లైసెన్సున్న ఒక తుపాకుల దుకాణంలో ఇరవై ఏళ్ళ దాకా తూటాలు కట్టాను. ఇప్పుడు రైఫిల్ క్లబ్బుల్లో ఈ పనికి కొత్తగా చేరుతున్న పిల్లలు ఎవరిదగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే. "సార్, చిన్న క్యాలిబర్ రైఫిల్‌కి ఏ మందు మంచిది?"

ఆ జవాబు మందు తయారుచేసేవాళ్ళు అచ్చువేసే పుస్తకంలో ఉంటుంది. అందులో ఉన్న కొలత దాటకండి, అంతే. నేను రాయబోయేది ఆ పుస్తకంలో లేనిది. మందు ఎంచుకునే మనిషి బుద్ధి ఆ పూట ఎలా ఉంది అన్న సంగతి. నా బుద్ధి ఒక పూట ఎలా ఉందో రాస్తాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, తిట్టుకోవాల్సిందే.

రెండు బల్లలు

మాది మధిర. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పాసై, డెబ్బైల చివర్లో ఆ దుకాణంలో చేరాను. యజమాని రంగయ్య సేటు. తెల్ల లాల్చీ, నోట్లో ఎప్పుడూ వక్కపొడి, మాట తక్కువ మనిషి. వెనక గదిలో రెండు బల్లలుండేవి. కిటికీ పక్క బల్ల సోమయ్యది. గోడవైపు బల్ల నాది.

సోమయ్య కోయ మనిషి. భద్రాచలం దాటాక చర్ల రోడ్డులో వాళ్ళ ఊరు. నాకంటే పదేళ్ళు పెద్ద. బడి మొహం చూడలేదు. సంతకానికి వేలిముద్రే. అలాంటి మనిషికి కిటికీ పక్క బల్ల ఇచ్చి, సర్టిఫికెట్టున్న నాకు గోడపక్క చీకటి మూల ఇచ్చారని చేరిన రోజే నా ఒళ్ళు మండింది. కిటికీ ఎందుకిచ్చారంటే మందు చూడడానికి వెలుతురు కావాలి, మందు చూసేది సోమయ్య. అంత చిన్న విషయం అర్థం కావడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. అర్థమయ్యాక మంట ఇంకాస్త పెరిగింది.

ఆ రోజుల్లో విదేశీ తూటాలు దొరకడం ఆగిపోయింది. అశ్వారావుపేట, వేంసూరు వైపు పెద్ద రైతుల దగ్గర పంట కాపలాకని లైసెన్సు ఇచ్చిన తుపాకులుండేవి. మొక్కజొన్నలో, వేరుశెనగలో అడవిపందులు పడితే తెల్లారేసరికి చేను దుక్కి దున్నినట్టుండేది. ఎక్కువమందివి సన్న సీసపు గుళ్ళు చిమ్మే గుళ్ళ తుపాకులు. కొద్దిమందివి మాత్రం సన్న గొట్టం రైఫిళ్ళు. కాల్చాక మిగిలిన ఇత్తడి ఖోకాలు, అంటే ఖాళీ తూటా గొట్టాలు, వాళ్ళు తెచ్చి ఇస్తే శుభ్రం చేసి, అడుగున నిప్పు అంటించే కొత్త క్యాపు వేసి, మందు పోసి, గుండు బిగించి ఇచ్చేవాళ్ళం. దుకాణానికి అందుకు పర్మిట్ ఉంది.

మందులో తేడా

గుళ్ళ తుపాకీ మందు వేరు, రైఫిల్ మందు వేరు. చితుకుల మంటకూ మొద్దు మంటకూ ఉన్నంత తేడా. గుళ్ళ తుపాకీ గొట్టం వెడల్పు, అందులో మందు భగ్గున ఒక్కసారిగా అంటుకున్నా తట్టుకుంటుంది. రైఫిల్ గొట్టం సన్నం, గుండు బిగువుగా ఉంటుంది. అక్కడ మందు వెనకనుంచి నెమ్మదిగా తోయాలి. భగ్గుమంటే ఆ బలం ముందుకు పోలేక వెనక్కి వస్తుంది. వెనక ఉండేది కాల్చేవాడి మొహం.

క్యాలిబర్ చిన్నదయ్యేకొద్దీ తప్పుకు చోటు తగ్గుతుంది. ఖోకా చిన్నది, పోసేది చిటికెడు, ఆ చిటికెడులో కాస్త తేడా వచ్చినా చాలా తేడా. "ఇంకాస్త గట్టిగా కట్టండి" అని అడిగే కస్టమర్లు మీకూ తగులుతారు. వెనక్కి పంపేయండి. రంగయ్య సేటులో నాకు నచ్చిన గుణం అదొక్కటే, అలాంటివాళ్ళను గుమ్మం దిగేదాకా చూసేవాడు.

సేటు పెట్టిన నియమాలు మూడు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి. మందు తన డబ్బా వదిలి ఇంకో డబ్బాలోకి పోకూడదు. తూటా కట్టినవాడే మొదటి తూటా కాల్చాలి. మూడూ బంగారం లాంటి నియమాలు. వాటిలో రెండు ఒకే ఏడాదిలో మట్టిలో కలిశాయి.

సోమయ్య చెయ్యి

ఒకసారి రైఫిల్ మందు కొత్త సరుకు వచ్చింది. అదే పేరు, అదే రంగు చీటీ. సోమయ్య చిటికెడు ఇత్తడి పళ్ళెంలో పోశాడు. పోస్తూ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత వాకిట్లో ఎండలో కాగితం మీద నాలుగు పలుకులు వేసి అంటించి చూశాడు.

"ఇది పాతదాని లెక్క లేదు తమ్మీ, జర ఉరుకుతది. తగ్గించి మొదలువెట్టాలె" అన్నాడు.

"పేరు అదే కదా, చీటీ చదివాను" అన్నాను.

"చీటీ నువ్ సదివినవ్. మందును నేను సదివిన" అని నవ్వాడు.

వెటకారం కాదది, మనిషి నవ్వే అంత. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. త్రాసు ముందేసుకుని, పుస్తకం తెరిచి, కొంచెం కొంచెంగా పెంచుతూ ఊరి బయట క్వారీలో కాల్చి చూస్తూ రెండు రోజులు తంటాలు పడ్డాను. చివరికి సోమయ్య మాటే నిజమైంది. అతనికి పది నిమిషాలు, నాకు రెండు రోజులు. మీరు మాత్రం నా రెండు రోజుల దారే పట్టండి, సోమయ్య పది నిమిషాల దారి అందరికీ రాదు. ఈ మాట ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు ఇంటికి పోయి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అశ్వారావుపేట రైతు వెంకటరత్నంగారు వస్తే నేరుగా కిటికీ పక్క బల్ల దగ్గరికే పోయేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, మాటలో ఆ యాస అలాగే ఉండేది. "సోమయ్యా, నువ్వు కట్టినవైతేనే పట్టుకెళ్తానయ్యా, నీ తూటా గీత గీసినట్టు పోద్ది" అనేవారు. పక్కన నేనొకణ్ణి ఉన్నానన్న ఊసే లేదు. పండుగలకి సోమయ్యకి బెల్లం బుట్ట, మామిడిపళ్ళు. నాకు "ఏమోయ్, బాగున్నావా?" ఒకటి. ఆ బెల్లంలో సోమయ్య సగం నాకే ఇచ్చేవాడు. ఆ సగం బెల్లం తిన్నప్పుడల్లా ఇంకా ఏడ్చేవాణ్ణి. ఓర్వలేనితనం అంటే ఇదే. ఎదుటివాడు చెడ్డవాడైనా బాగుండును అనిపిస్తుంది.

దారాలు

చదువు రాదు కాబట్టి సోమయ్య డబ్బాల మెడకి దారాలు కట్టేవాడు. ఎర్ర దారం అంటే రైఫిల్ మందు. తెల్ల దారం అంటే గుళ్ళ తుపాకీ మందు. ఊడిపోకుండా తుమ్మబంకతో అంటించి, పైన ముడి వేసేవాడు. వాళ్ళ ఊళ్ళో విత్తనాల సొరకాయ బుర్రలకి అలాగే కడతారట, ఏ బుర్రలో ఏ గింజో తెలియడానికి. దుకాణంలో అందరికీ ఆ లెక్క తెలుసు. నాకూ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ ఏడు వానలు విపరీతంగా పడ్డాయి. గుళ్ళ తుపాకీ మందు వచ్చిన అట్టపెట్టె చెమ్మ లాగడం మొదలుపెట్టింది. సోమయ్య ఖాళీ అయిన రైఫిల్ మందు డబ్బా ఒకటి శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, ఈ మందు అందులోకి పోశాడు. ఆ డబ్బా మూత బిగువు. ఎర్ర దారం తీసేసి తెల్ల దారం కట్టాడు. డబ్బా మీద అచ్చువేసిన రైఫిల్ మందు చీటీ మాత్రం అలాగే ఉండిపోయింది. అతనికది బొమ్మతో సమానం.

ఇది తప్పు. సోమయ్య తప్పే. మందు డబ్బా మారకూడదు, మారిస్తే పాత చీటీ చింపేయాలి. ఎంత గొప్ప చెయ్యి అయినా ఈ మాట చెప్పి తీరాలి. అయితే ఆ తప్పు మెడ చుట్టూ తెల్ల దారం ఉంది. ఆ దారం ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాలేదు.

దొరికాడు అనుకున్నాను

వాళ్ళ ఊళ్ళో కొత్త పంట మొదటిసారి తినే కొత్తల పండుగ అని సోమయ్య వారం సెలవు మీద వెళ్ళాడు. ఆ వారంలోనే వెంకటరత్నంగారి ఖోకాలు వచ్చాయి. "శనివారం వస్తా, సోమయ్యతో కట్టించి ఉంచండి" అని చీటీ.

సేటు ఆ చీటీ నా ముందు పెట్టి, "సోమిగాడు వచ్చేదాక ఆపుదమా?" అన్నాడు.

"నేను లేనా?" అన్నాను.

"కట్టు మరి. పైలం" అని సేటు వెళ్ళిపోయాడు.

బీరువా తెరిచాను. ముందు వరసలో ఉంది ఆ డబ్బా. మీద రైఫిల్ మందు చీటీ. మెడకి తెల్ల దారం. నా గుండె ఝల్లుమంది, భయంతో కాదు, సంతోషంతో. దొరికాడు! ఇన్నాళ్ళకి సోమయ్య తప్పు దొరికింది. చదువు రాని మనిషి, రైఫిల్ డబ్బాకి తెల్ల దారం కట్టాడు. శనివారం అందరి ముందూ ఈ సంగతి బయటపెట్టాలి, "మీ సోమయ్య చేతిపని చూడండి" అనాలి. నా బుర్రంతా ఆ శనివారమే. వెనక వరసలో ఎర్ర దారంతో ఇంకో డబ్బా ఉంది. దాని వంక చూడనైనా చూడలేదు.

కత్తెరతో ఆ తెల్ల దారం కత్తిరించి, శనివారం చూపించడానికి ఊడివచ్చిన ముక్క జేబులో వేసుకున్నాను.

మూత తీసి మందు పోసినప్పుడు చూశాను. మా రైఫిల్ మందు సన్నని పుల్లలు తుంచినట్టుంటుంది. ఇది రేకులు రేకులుగా ఉంది. చూశాను, రాస్తున్నాను కదా, చూశాను! కొత్త సరుకు ఇలా వస్తుందేమో అనుకున్నాను. అలా అనుకోవాలని నాకుంది కాబట్టి అనుకున్నాను. త్రాసు తీయలేదు, రైఫిల్ మందు కొలిచే చెంచాతోనే కొలిచాను. పదిహేను తూటాలు కట్టి, తుడిచి, మెరుగుపెట్టి వరసగా పేర్చాను. అంత అందంగా ఎప్పుడూ కట్టలేదు.

క్వారీ

శనివారం పొద్దున్నే సోమయ్య వచ్చేశాడు. చేతిలో మోదుగాకు దొప్పలో పండుగ చిక్కుడుకాయలు, నా కోసం. వెంకటరత్నంగారు జీపులో వచ్చారు. ముగ్గురం ఊరి బయట క్వారీకి పోయాం. పరీక్షలు చేసుకోవడానికి మాకు అక్కడ అనుమతి ఉండేది.

నియమం ప్రకారం మొదటి తూటా నేను కాల్చాలి. రైఫిల్ కోసం చెయ్యి చాచాను.

"నువ్వాగవయ్యా, సోమయ్య కాల్చనీ. ఆయన చెయ్యి పడితే నాకు నమ్మకం" అన్నారు వెంకటరత్నంగారు.

నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. సరే, కాల్చనీ, నా తూటా బాగుందని సోమయ్య నోటితోనే చెప్పనీ అనుకున్నాను. పక్కకి తప్పుకున్నాను.

సోమయ్య తూటా వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "మంచిగ కట్టినవ్ తమ్మీ. ఏ డబ్బాల మందు ఇది?"

ఈ ప్రశ్న దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. "ముందు వరసలో డబ్బా" అంటే చాలు, అతనికి తెలిసిపోయేది. "తెల్ల దారం డబ్బా" అంటే రైఫిల్ కింద పెట్టేసేవాడు. కానీ దారం సంగతి ఇప్పుడే చెబితే నా శనివారం తమాషా చెడిపోతుంది. ముందు కాల్చాలి, మెచ్చుకోవాలి, ఆ తర్వాత చెప్పాలి.

"రైఫిల్ మందు డబ్బాలోదే" అన్నాను.

"అవ్, మంచిది" అన్నాడు సోమయ్య. రైఫిల్ భుజానికి ఆనించాడు.

మామూలు చప్పుడు కాదది. రేకుల షెడ్డు మీద బండరాయి పడ్డట్టు. ఖోకా అడుగు పగిలి మంటంతా వెనక్కి వచ్చింది. సోమయ్య రైఫిల్ వదల్లేదు. మెల్లగా కింద పెట్టి, కుడికన్ను మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు. "తమ్మీ, నువ్ దూరంగున్నవా? నీకేం తాకలె గద?" అని అడిగాడు.

దవాఖానాకి జీపులోనే తీసుకుపోయాం. కన్ను దక్కలేదు.

సేటు అడిగాడు, నేను చెప్పాను

సాయంత్రం సేటు ఆ డబ్బా బల్ల మీద పెట్టించాడు. మూత తీసి చూశాడు. "పైన రైఫిల్ చీటీ ఉన్నది. లోపల గుళ్ళ మందు ఉన్నది. ఎవడు పోసిండు?"

"సోమయ్య" అన్నాను.

అది నిజమే. ఎవరు తిరగేసి అడిగినా నిజమే. జేబులో దారం ఉంది, దాని మాట ఎత్తలేదు. సేటు రెండోసారి అడిగాడు. "డబ్బా మీద ఏమన్న నిషాని గిట్ల కట్టి ఉండెనా?"

"లేదు సేటూ."

నెల తర్వాత సోమయ్య తన దుప్పటి, తన ఇత్తడి పళ్ళెం తీసుకుపోవడానికి దుకాణానికి వచ్చాడు. కంటికి కట్టు. పోయే ముందు బీరువా దగ్గరికి వెళ్ళి ఆ డబ్బా తీశాడు. బొటనవేలు మెడ చుట్టూ ఒకసారి తిప్పాడు. మళ్ళీ యథాస్థానంలో పెట్టేశాడు. "పోయొస్త తమ్మీ" అన్నాడు. నేను ఏదో ఆకురాయితో పని ఉన్నట్టు తల ఎత్తలేదు.

కిటికీ పక్క బల్ల నాదైంది. వెలుతురు బాగానే వచ్చేది. కస్టమర్లు మాత్రం తూటా చేతిలో తిప్పి చూసి, "సోమయ్య కట్టినట్టు లేవండీ" అనేవాళ్ళు. మనిషి లేడు, అయినా నాకు పోటీగా ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. సేటు ఒక్కడే నా పని మెచ్చుకునేవాడు. ఊరుకోకుండా నలుగురిలోనూ "మా భాస్కరం చెయ్యి చూడుండ్రి" అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పదిహేనేళ్ళు బతికాను.

చర్ల రోడ్డు

తొంభైల్లో ఆ అడవి పక్క ఊళ్ళలో నక్సలైట్ల గొడవలు పెరిగాయి. లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లలో అప్పగించమన్నారు. తుపాకులు లేకపోతే తూటాలెందుకు? సేటు పోయాడు, దుకాణం మూతపడింది. ఇక నాకు వేరే పనేమీ లేక, ఒకరోజు భద్రాచలం బస్సెక్కాను.

సోమయ్య పాక ముందు ఇప్పపువ్వు ఆరబోస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. అదే నవ్వు. చూరుకి సొరకాయ బుర్రలు వేలాడుతున్నాయి, ప్రతిదాని మెడకీ ఒక రంగు దారం.

మంచినీళ్ళు తాగాక, దారం సంగతి చెబుదామని నోరు తెరిచాను. అతనే అందుకున్నాడు.

"దారం నువ్వే కత్తిరించినవ్ గద?"

"నీకెట్లా తెలుసు?"

"బంకతోటి అంటించిన దారం ఊడితే మొత్తం ఊడుతది. డబ్బా మెడకు సగం అంటుకొనే ఉన్నది. కొస నున్నగ ఉన్నది. కత్తెర ఏస్తెనే గట్ల ఉంటది."

"మరి సేటుకి చెప్పలేదేం?"

"చెప్పిన. దవాఖానాకు వచ్చినప్పుడే చెప్పిన, తెల్ల దారం కట్టిన అని. మందు మార్చిననాడు గూడ ఆయనకు చెప్పే మార్చిన. దుకాణానికి పోయి డబ్బా చూసిండు. మల్ల వచ్చి నా పక్కన కూసున్నడు."

"ఏమన్నాడు?"

"'నువ్ చెప్పింది నిజమే సోమయ్యా. కాని రేపు ఇన్‌స్పెక్షన్‌కు వస్తె రిజిస్టర్ రాసి చూపించేటోడు కావాలె. వానికి చదువొచ్చు' అన్నడు."

సేటుకి తెలుసు. "నిషాని గిట్ల కట్టి ఉండెనా" అని నన్ను అడిగిననాటికే తెలుసు. నా అబద్ధం విని, తలూపి, కిటికీ పక్క బల్ల ఇచ్చాడు. "మా భాస్కరం చెయ్యి" అన్నప్పుడల్లా అతనికి తెలుసు. పదిహేనేళ్ళు నేను పట్టుకుని బతికిన మెప్పు నా చేతికి వచ్చింది కాదు, నా చేతిరాతకి వచ్చింది.

"నా మీద కోపం లేదా?" అని అడిగాను.

"ఎందుకుండదు? ఉన్నది. రోజూ పొద్దుగాల మొకం కడుక్కునేటప్పుడు వస్తది, తుడుచుకునే దాక ఉంటది." పువ్వు చేత్తో సర్దుతూ అన్నాడు. "దారం పోతె పోయింది తమ్మీ. నువ్ మూత తీసినవ్ గద. మందు రేకులున్నదా పుల్లలున్నదా, కానరాలేదా నీకు? నీకు రెండు కండ్లుండె గద."

తిరుగు బస్సెక్కాను.

కాబట్టి ఏ మందు మంచిది అని అడిగే పిల్లలారా, నేను చెప్పేది ఇది. చీటీ చదవండి. చదివాక మూత తీసి మందును చూడండి. చీటీ ఒక మాట, మందు ఇంకో మాట చెబితే ఆ డబ్బా ముట్టకండి. త్రాసు లేకుండా కొలవకండి. మొదటి తూటా మీరే కాల్చండి. అన్నిటికంటే ముఖ్యం, పక్క బల్ల మనిషి మీద కడుపు మండుతున్న పూట తూటా కట్టకండి. సెలవు పెట్టి ఇంటికి పొండి.

సోమయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ తెల్ల దారం ముక్క నా పెట్టెలో ఉంది. మొన్న క్లబ్బు పిల్లవాడొకడు ఎవరినో మెచ్చుకుంటూ "ఎంత మంచి చెయ్యి సార్ ఆయనది" అన్నాడు. నాకు వెంటనే సోమయ్య గుర్తొచ్చాడు. ఆ వెంటనే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, అసూయ కలిగింది.